లాక్ తియ్యమన్నారు

పొద్దున బస్సులో పోలీసులు మా అబ్బాయి చిన్నాడి ఫోన్ లాక్ తీయించి చూశారని చెప్తే, ‘తప్పు చెయ్యనప్పుడు భయమెందుకే’ అనేసి మా ఆయన పడుకున్నారు. నాకు నిద్ర రావడం లేదు. ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే వదిలేసేదాన్ని. మావయ్య కొడుకై ఉండి ఆయన అనడమే మింగుడు పడటం లేదు.

సాలూరులో మేనకోడలి ఓణీల ఫంక్షన్ చక్కగా జరిగింది. పిల్ల చిలకాకుపచ్చ ఓణీలో మెరిసిపోయింది, అమ్మ మోకాళ్ళ నొప్పి మర్చిపోయి ఇల్లంతా తిరిగింది. దాని గురించే రాద్దామని కూర్చున్నాను, కానీ మనసు ఆ బస్సు దగ్గరే ఆగిపోయింది.

పొద్దున ఒడిశాలో మా జయపురం నుంచి సాలూరు వెళ్తుంటే ఘాట్‌లో బస్సు ఆపారు. గంజాయి చెకింగ్. మన రూట్లో ఇది మామూలే. సీట్ల కింద చూశారు, పైన బ్యాగులు దించారు. నా చీరల సంచి తిరగేశారు, ఇస్త్రీ అంతా పోయింది. వెనక కూర్చున్న కొండ ఊరి ఆమెతో మూట విప్పించారు. చింతపండు. మళ్ళీ కట్టుకోవడానికి ఆమె బస్సు నడవలో కింద కూర్చోవాల్సి వచ్చింది. ఆ తర్వాత చిన్నాడి దగ్గరికొచ్చి ‘ఫోన్ ఇయ్యి, లాక్ తియ్యి’ అన్నాడు ఒకతను. వీడు తీసి ఇచ్చాడు. వాట్సాప్ తెరిచి ఏదో టైప్ చేసి వెతికాడు. ఏం దొరకలేదు. అయినా ఇవ్వలేదు, ఫొటోల్లోకి వెళ్ళాడు, మళ్ళీ మెసేజీల్లోకి వచ్చాడు, ఒకచోట ఆగి నవ్వాడు. చిన్నాడి చెవులు ఎర్రబడ్డాయి. వాడికి పంతొమ్మిదేళ్ళు, పక్క సీట్లో నేనున్నాను. ఆ నవ్వు నాకు పొద్దుట్నుంచీ కడుపులో తిరుగుతూనే ఉంది.

మావయ్య ఉంటే ఏమనేవారో. 2004 ఫిబ్రవరిలో కోరాపుట్ ఆయుధాగారం మీద మావోయిస్టులు దాడి చేశాక ఇక్కడ సోదాలు ఎంత పెరిగాయో అప్పుడున్నవాళ్ళకి తెలుసు. మా వీధి చివర గదిలో ఒక కుర్రాడు అద్దెకుండేవాడు. ఒక రాత్రి పోలీసులు వచ్చి, సాక్షి కావాలంటూ మావయ్యని, కిరాణా కొట్టాయన్ని లేపి తీసుకెళ్ళారు. రాకపోతే మీ మీదే కేసు అన్నారు. ఇద్దర్నీ సందులోనే నిలబెట్టి, గదిలోకి వాళ్ళే వెళ్ళి, ఒక టేప్‌రికార్డరు, కొన్ని పుస్తకాలు, ఒక కాగితాల కట్ట బయటికి తెచ్చి చూపించారు. పంచనామా మీద సంతకం పెట్టమన్నారు. ఒక కాగితం కింది సగం ఖాళీగానే ఉందట. మావయ్య పెట్టేశారు. చలికి కాదు, చేతులు వణికాయి అని ఇంటికొచ్చి అత్తయ్యతో అంటుంటే విన్నాను.

తర్వాత సమన్లు. కుట్టు షాపు మూసుకుని కోరాపుట్ కోర్టుకు వెళ్ళడం, వాయిదా పడిందని సాయంత్రానికి తిరిగి రావడం. చివరికి బోనెక్కినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పారు. సంతకం నాదే, వస్తువులు మాత్రం బయటికొచ్చాకే చూశాను, లోపల ఎక్కడ దొరికాయో నాకు తెలియదు అని. ఎదురు తిరిగిన సాక్షి అని రాసుకున్నారు. అప్పటిదాకా ఖాకీ యూనిఫారాలు మా షాపులోనే కుట్టించుకునేవాళ్ళు. ఆ తర్వాత ఒక్క జత రాలేదు. చుట్టాలు కూడా ‘ఎందుకొచ్చిన గొడవ, చూశానని చెప్తే పోయేదిగా’ అన్నారు. ఆ ఏడాది దసరాకి ఇంట్లో ఎవరికీ కొత్త బట్టల్లేవు, దర్జీ ఇంట్లో. మా ఆయన ఇవన్నీ దగ్గరుండి చూశారు. చూసి కూడా భయమెందుకు అంటున్నారు. మావయ్య ఏం తప్పు చేశారని?

సాయంత్రం లాయరు బాబాయికి ఫోన్ చేసి గట్టిగానే అడిగాను, బస్సులో అందరి సంచులూ తిప్పేయొచ్చా అని. మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద, బస్సులో వెతకడానికి వారంటు అక్కర్లేదట. కాకపోతే సరుకు ఉందని నమ్మడానికి కారణం ఉండాలి. ఒంటి మీద వెతకాలంటే మాత్రం 50వ సెక్షన్ ఉంది. గెజిటెడ్ అధికారి ముందో మెజిస్ట్రేటు ముందో వెతకమని అడిగే హక్కు నీకుందని ముందే చెప్పాలి. ఆడవాళ్ళని ఆడవాళ్ళే వెతకాలి. ఆ హక్కు చెప్పకుండా ఒంటి మీద పట్టుకున్న సరుకుతో శిక్ష నిలబడదని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. మరి సంచి? సంచి ఒంట్లో భాగం కాదని 2005లో అదే కోర్టు తేల్చిందట.

పొద్దుట్నుంచీ అసలీ చెకింగులే వద్దు అనుకుంటూ ఉన్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. మన కొండల మీంచి సరుకు కిందికి దిగుతున్న మాట నిజం. 20 కిలోలు దాటితే పదేళ్ళకు తక్కువ కాకుండా జైలు. పట్టుబడేది కూలి డబ్బుకి మోసేవాడే, కొనేవాడు ఎక్కడో ఉంటాడు. మోసేవాణ్ణి మొదటి మూటకే భయపెట్టి ఆపగలిగితే నా చీరలు నలిగినా ఫరవాలేదు. సంచి చూడండి. చూసి మూట కట్టి ఇవ్వండి, అంతే.

ఫోన్ విషయంలో మాత్రం నేను తగ్గను. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్ రోడ్ల మీద కుర్రాళ్ళని ఆపి ఫోన్లలో ‘గంజాయి’ అనే మాట వెతికిన వీడియోలు మనమంతా చూశాం. అప్పుడు ఎక్కడో జరిగిందిలే అనిపించింది. ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది జడ్జీలు ఒకే మాటగా చెప్పారు. దాంట్లో ప్రభుత్వం తలదూర్చాలంటే ఒక చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి పోకూడదు. బస్సులో చిన్నాడి మీద ఏ అనుమానం ఉందని? ఏ కాగితం మీద రాసుకున్నారని? వాడి ఫోన్లో వాడొక్కడే ఉండడు. వాణ్ణి నమ్మి ఏదో రాసుకున్న ఆ అమ్మాయి కూడా ఉంటుంది. ఆ పిల్లని అడిగిందెవరు?

2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టం, నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్, ఇల్లు సోదా చేసినా వస్తువు స్వాధీనం చేసుకున్నా వీడియో తియ్యాలంటోంది. జాబితా రాయడం, సాక్షులు సంతకం పెట్టడం కూడా అందులో పడాలి. ఆ ఖాళీ కాగితం నాడు వీడియోలో పడుంటే మావయ్యని ఎవరూ ఎదురు తిరిగాడనేవాళ్ళు కాదు. కానీ ఫోన్ చూసి తిరిగిచ్చేస్తే జాబితా లేదు, సాక్షి లేడు, ఏమీ జరగనట్టే.

బాబాయి ఇంకో మాట కూడా చెప్పారు. ఆ 50వ సెక్షన్ సంగతి తప్పిస్తే, సోదా తప్పుగా జరిగినంత మాత్రాన దొరికిన వస్తువు సాక్ష్యంగా పనికిరాకుండా పోదని 1973లో పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు అందిట. తర్వాత కోర్టులో చూసుకుందాం అనుకుంటే కుదరదమ్మా, ఏదడిగినా అక్కడికక్కడే అడగాలి అన్నారు.

చిన్నాణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. సంచి అడిగితే చూపించు. ఫోన్ అడిగితే ‘ఏం కేసండీ, ఏ సెక్షనండీ’ అని మర్యాదగానే అడుగు. వాడు తల దించుకుని, ‘అడుగుతూ కూర్చుంటే బస్సు వెళ్ళిపోతుందమ్మా’ అన్నాడు.

వెళ్ళిపోనీ రా. అక్కడే నిలబడి మీ సాలూరు మావయ్యకి, మా తమ్ముడికి ఫోన్ చెయ్యి, బండేసుకుని వస్తాడు అన్నాను. తమ్ముడికి రేపు పొద్దున్నే ఈ సంగతి చెప్పి ఉంచాలి.