అమ్మకి తెలిసిన జబ్బు, నేను వేయించుకున్న సూది

2022 నవంబరు ఆఖరు. మావాడికి ఆరు వారాలు. పురిటికని తెనాలి నుంచి వచ్చిన అమ్మ ఇంకా ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మా దగ్గరే ఉంది. రెండు రోజులుగా వాడికి ముక్కు దిబ్బడ. చలికి జలుబు చేసిందిలే అనుకున్నాను. మూడో రాత్రి పాలు పడితే రెండు గుక్కలు తాగి వదిలేశాడు. అమ్మ వాణ్ణి తీసుకుని చొక్కా పైకెత్తి చూసింది. "డొక్కలెగరేస్తున్నాడే వీడు! లే, ఆస్పత్రికి పద" అంది. అమ్మ గొంతు అలా వణకడం నేనెప్పుడూ వినలేదు.

ఆర్‌ఎస్‌వీ అన్నారు. పెద్దవాళ్లకి మామూలు జలుబులా వచ్చిపోయే వైరస్సే. చంటిపిల్లల్లో మాత్రం ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు వాచి, జిగురుతో పూడుకుపోతాయి. దాన్ని చంపే మందంటూ ఏమీ ఇవ్వలేదు. ఆక్సిజన్ పెట్టి, ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసి పాలు పోస్తూ, వాడంతట వాడు తేరుకునేదాకా కనిపెట్టుకుని ఉన్నారు. ఐదు రాత్రులు. రెండో రాత్రి అమ్మ ఉన్నట్టుండి చెప్పింది: "మా తమ్ముడొకడు ఇలాగే డొక్కలెగరేసి పోయాడు. మూడో నెల వాడికి. నాకప్పుడు ఏడేళ్లు." నాకో మేనమామ ఉండేవాడని నాకు ముప్పై రెండేళ్లకి తెలిసింది.

మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు, 2024 సెప్టెంబరు 1 నుంచి ఇంగ్లండ్‌లో 28 వారాలు నిండిన గర్భిణులకి ఆర్‌ఎస్‌వీ టీకా మొదలుపెట్టారు. ఫోన్లో చెప్తే అమ్మ ససేమిరా అంది. "ధనుర్వాతం సూది మేమూ వేయించుకున్నాం. ఏడో నెలలో ఈ కొత్తదేంటమ్మా? పుట్టాక బిడ్డకే వేయించొచ్చుగా?"

ఆ ప్రశ్న తీసెయ్యాల్సింది కాదు. ఇక్కడ పిల్లలకి మామూలు టీకాలు ఎనిమిదో వారంలో మొదలవుతాయి, వాటిలో ఇది లేదు. మావాడు ఆరో వారంలోనే మంచాన పడ్డాడు. అందుకని టీకా తల్లికి వేస్తారు. తల్లి ఒంట్లో తయారైన, వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీలు మాయ (ప్లాసెంటా) గుండా బిడ్డకి చేరతాయి, చివరి మూడు నెలల్లో మరీ ఎక్కువగా. కాన్పుకి కనీసం రెండు వారాల ముందైనా పడాలి. "ముర్రుపాలు పారబోయొద్దని అందరికీ చెప్తావు కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే పుట్టకముందే ఇస్తున్నాను" అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

నా భయం నాకుంది. ఈ టీకా తయారుచేసిన ఫైజర్ కంపెనీ పరీక్షల్లో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు టీకా వేసిన వాళ్లలో 5.7 శాతం, వేయని వాళ్లలో 4.7 శాతం. అది కాకతాళీయం కావచ్చునన్నారు, కానీ జాగ్రత్త కోసం అమెరికాలో 32 నుంచి 36 వారాల మధ్యే వేస్తున్నారు. మా మిడ్‌వైఫ్‌ని రెండుసార్లు అడిగాను. ఆవిడ విసుక్కోలేదు, తొందరపెట్టలేదు. మరోపక్క అవే పరీక్షల్లో, 18 దేశాల్లో ఏడు వేల మందికి పైగా తల్లులతో చేసినవి, పిల్లల్లో తీవ్రమైన ఆర్‌ఎస్‌వీ జబ్బు మొదటి మూడు నెలల్లో 82 శాతం దాకా తగ్గింది. ఆరు నెలలకి చూస్తే 69. మొదటి మూడు నెలలు! మావాడి ఆరో వారం, అమ్మ తమ్ముడి మూడో నెల, రెండూ అందులోనివే.

"ఇన్నేళ్లూ ఎందుకు కనిపెట్టలేదే?" అని అమ్మ ఇంకోరోజు అడిగింది. కనిపెట్టారు. 1960ల్లో అమెరికాలో ఒక టీకా పసిపిల్లలకే వేసి చూస్తే, తర్వాత వైరస్ సోకినప్పుడు జబ్బు మరింత ముదిరి ఇద్దరు చనిపోయారు. ఆ దెబ్బతో దశాబ్దాలు వెనక్కి తగ్గారు. వైరస్ మన కణాల్లోకి చొరబడ్డానికి వాడే ప్రోటీన్, చొరబడకముందు ఏ ఆకారంలో ఉంటుందో 2013లో తేలాకే దారి దొరికింది.

నవంబరు మొదటి వారంలో వేయించుకున్నాను. రెండు రోజులు చెయ్యి నొప్పి. జనవరిలో నెలలు నిండి అమ్మాయి పుట్టింది. ఫిబ్రవరిలో మావాడు నర్సరీ నుంచి జలుబు తెచ్చి చెల్లికి అంటించాడు. నాలుగు రాత్రులు దీపం వేసి, చొక్కా ఎత్తి, డొక్కలే చూస్తూ కూర్చున్నాను. ముక్కు కారింది, తుమ్మింది, కానీ కడుపునిండా పాలు తాగింది. అది ఏ వైరస్సో ఎవరూ పరీక్షించలేదు కాబట్టి టీకాయే కాపాడిందని నేననను. ఆ నాలుగు రాత్రులూ నాకు 2022 నాటి వణుకు మాత్రం లేదు.

2019 ఒక్క ఏడాదిలోనే ఐదేళ్లలోపు పిల్లలు లక్షమంది దాకా ఆర్‌ఎస్‌వీతో పోయారని అంచనా. అందులో నూటికి 97 మందికి పైగా మన ఇండియాలాంటి పేద, మధ్యాదాయ దేశాల పిల్లలే. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ మేనమామది ఏ జబ్బో చెప్పేవాళ్లెవరూ లేరు, డొక్కలెగరేయడం ఒక్కటే అమ్మకి గుర్తు.

రెండో పురిటికి వచ్చిన అమ్మ జూన్‌లో తెనాలి వెళ్లిపోయింది. పక్కింటి పిల్ల కడుపుతో ఉంది, ఆరో నెల. "ఆ సూది ఇక్కడ వేస్తారేమో కనుక్కోవే" అని ఫోన్ చేసింది. దాని సంగతి డాక్టరమ్మనే అడగమన్నాను. ఫ్లూ టీకా, కోరింత దగ్గు టీకా కడుపుతో ఉన్నవాళ్లకి మనదగ్గరా వేస్తారు, వాటి గురించీ అడగమన్నాను. కాగితం మీద రాసుకుంటానుండు అని, మూడు పేర్లూ నాచేత రెండేసిసార్లు చెప్పించుకుంది. మర్నాడు ఆ పిల్లని తనే వెంటబెట్టుకుని వెళ్లిందట.