విదేశీ వియ్యంకుల వీసా, మా ఇంటి సి-ఫారం: నా అనుభవం

2024 కార్తీకమాసంలో తిరుపతిలో మా అబ్బాయి పెళ్లి చేశాము. కోడలి తల్లిదండ్రులు అమెరికా పౌరులు. మన దేశానికి రావడం వారికి అదే మొదటిసారి. ముహూర్తం ఖాయమైన నాటి నుంచి వారి వీసా పనిలో తోడుండే బాధ్యతను నేనే తీసుకున్నాను.

మన ప్రభుత్వం ఆన్‌లైన్‌లో ఇచ్చే ఈ-వీసాల్లో పర్యాటక, వ్యాపార, వైద్య వీసాల వంటి రకాలు వేర్వేరుగా ఉన్నాయి. బంధుమిత్రులను చూడడానికి రావడం కూడా పర్యాటక వీసా పరిధిలోకే వస్తుంది కాబట్టి పెళ్లివారికి అదే సరిపోతుంది. అందులో ముప్పై రోజులది, ఏడాదిది, ఐదేళ్లది అని మూడు ఉన్నాయి. ముప్పై రోజుల వీసాకు ప్రయాణానికి నెల ముందు నుంచి మాత్రమే దరఖాస్తు తీసుకుంటారు. మిగతా రెండింటికి 120 రోజుల ముందే పెట్టుకోవచ్చు. వీసా చేతికి రాకుండా అంత ఖరీదైన టిక్కెట్లు కొనడం మంచిది కాదనిపించి, ఏడాది వీసానే తీసుకోమని చెప్పాను.

ఇంటర్నెట్‌లో వెతికితే వియ్యంకుడు గారికి ముందుగా కనిపించింది అసలు ఫీజుకు కొన్ని రెట్లు అడుగుతున్న ఒక ప్రైవేటు వెబ్‌సైటు. చిరునామా చివర gov.in లేనిదాన్ని నమ్మవద్దని ఫోన్‌లో గట్టిగా చెప్పాను, ఎందుకంటే ఒకసారి కట్టిన వీసా రుసుమును ప్రభుత్వమే తిరిగి ఇవ్వదు, ఇక దళారుల సంగతి చెప్పనక్కర్లేదు. రెండు ఇళ్ల వాళ్లం వీడియో కాల్‌లో కూర్చుని దరఖాస్తు నింపాము. తల్లిదండ్రులు పుట్టిన ఊరు, మతం, గత పదేళ్లలో చూసిన దేశాలు, చివరికి ఒంటిమీది గుర్తులు కూడా అడిగారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చలు రాయించుకున్న మనకు అది కొత్త కాదు గానీ, వియ్యపురాలు గారు చాలాసేపు ఆలోచించి మోచేతి మీది పాత మచ్చను రాయించారు. ఫోటో కళ్లద్దాలు లేకుండా, తెల్లని వెనుకతెరతో, చదరంగా ఉండాలి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండడం తప్పనిసరి.

ఇంతవరకు అతిథి పని. ఆతిథ్యం ఇచ్చేవారి పని చాలామందికి తెలియదు, అందుకే ఇది వివరంగా రాస్తున్నాను. విదేశీయులు మన ఇంట్లో దిగితే, వచ్చిన 24 గంటల్లోగా ప్రభుత్వానికి తెలియజేయాలి (2024లో దానికి సి-ఫారం అనే పత్రం ఉండేది). ఇది హోటళ్లకే కాదు, సొంత ఇంటికీ వర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో ఫారం పంపాలంటే ముందు ఇంటి యజమానిగా నమోదు చేసుకోవాలి. విదేశీయుల నమోదుకు ప్రత్యేక కార్యాలయం లేని జిల్లాల్లో దాన్ని ఆమోదించే అధికారి జిల్లా ఎస్పీయే. దరఖాస్తు ఆమోదం పొందాకే లాగిన్ పనిచేస్తుంది కాబట్టి, అతిథులు విమానం దిగాక మొదలుపెడితే 24 గంటలు చాలవు. పెళ్లిపత్రికలు పంచే రోజుల్లోనే నేను ఆ నమోదు పూర్తిచేసుకున్నాను.

చెన్నై విమానాశ్రయంలో వేలిముద్రలు, ఫోటో తీసుకుని, పాస్‌పోర్టులో ముద్ర వేసి పంపారు. పుత్తూరు మీదుగా ఇల్లు చేరేసరికి చీకటిపడింది. ఇద్దరూ స్నానాలు చేసి వచ్చేలోపు నేను వారి పాస్‌పోర్టులు ముందు పెట్టుకుని, నంబరు, ముద్ర మీది తేదీ, వీసా నంబరు, వచ్చిన పని, తరువాత వెళ్లే ఊరు ఒక్కొక్కటిగా ఎక్కించి, ఫోటోలు జతచేసి ఇద్దరికీ వేర్వేరుగా ఫారాలు పంపాను. ప్రింట్లు తీసి ఒక ప్రతిని వారి సంచిలోనే ఉంచాను.

పెళ్లి తరువాత కొండకు తీసుకువెళ్లాము. ఇతర మతస్థులు స్వామివారి మీద విశ్వాసం ప్రకటిస్తూ డిక్లరేషన్ మీద సంతకం చేయాలన్న నియమాన్ని నేను ముందే చెప్పి, వారు ఇష్టపడ్డాకే దర్శనానికి ఏర్పాటు చేశాను. దేవస్థానంలోనూ గుర్తింపుగా చూపడానికి అసలు పాస్‌పోర్టులు వెంట ఉంచుకోవడం మేలు.