వాగ్దాన కార్డుల్లో దొరకని కీర్తనలు

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసే వేళకు తిరుపతి సంఘాల్లోనూ, చిత్తూరు వైపు పల్లె సంఘాల్లోనూ వాగ్దాన కార్డుల పళ్లెం బల్ల మీదికి వస్తుంది. ఒక్కొక్కరూ ఒక కార్డు తీసుకొని, అందులోని వచనాన్ని రాబోయే సంవత్సరానికి దేవుడు తమకిచ్చిన మాటగా భావించి బైబిలులో దాచుకుంటారు. ఆ కార్డుల్లో బైబిలులోని కీర్తనల గ్రంథం నుండి 23, 91, 121 కీర్తనల వచనాలు తప్పక ఉంటాయి. ఈ ఆచారం పట్ల నాకు చిన్నచూపు లేదు. కష్టకాలంలో ఒక్క వచనాన్ని పట్టుకొని ఏడాదంతా నిలబడిన పెద్దవాళ్లను చూశాను. అయితే 88వ కీర్తన చివరి వచనం ఎవరి చేతికీ రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే మాటను గులాబీ పూల బొమ్మ పక్కన అచ్చు వేయించడానికి ఎవరికి మనసొప్పుతుంది? అయినా ఆ మాటను కూడా దేవుడు తన ప్రజల ప్రార్థన కోసమే గ్రంథంలో ఉంచాడు, దాని చివర ఓదార్పు వాక్యమేదీ చేర్చకుండానే ఉంచాడు.

అందుకే నేను కీర్తనలను ఏరుకోకుండా వరుసగా ప్రార్థించే పద్ధతిని పాటిస్తున్నాను. ఇది కొత్తదేమీ కాదు. 150 కీర్తనలను 30 రోజులకు, ఉదయ సాయంకాలాలకు పంచి చదివే ఏర్పాటు ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో శతాబ్దాలుగా ఉన్నది. 6వ శతాబ్దంలో బెనెడిక్టు తన మఠవాసులకు రాసిన నియమావళి వారం రోజుల్లోనే అన్నిటినీ పూర్తి చేయమంటుంది. వరుసగా వెళ్లడంలోని మేలేమిటంటే, ఈ రోజు దేవునితో ఏమి మాట్లాడాలో నిర్ణయించేది నా మనఃస్థితి కాదు. ఇంట్లో శుభకార్యం జరుగుతున్న రోజున విలాప కీర్తన రావచ్చు. అప్పుడు దానిని, వేలూరు ఆసుపత్రి వరండాలో రిపోర్టు కోసం ఎదురుచూస్తున్న మన సంఘస్థుల పక్షాన ప్రార్థిస్తాము. మనం కుంగిపోయి ఉన్న రోజున స్తుతి కీర్తన వస్తే, మన పెదవులు పలకలేని ఆ స్తుతిని మన పక్షంగా మరొకరు ఎక్కడో పలుకుతూనే ఉంటారు.

ఇలా వరుసగా చదివేవారికి మాత్రమే తెలిసే ఒక సంగతి 88వ కీర్తన తరువాత ఎదురవుతుంది. ఎజ్రాహీయుడైన ఏతాను రచించినట్లు శీర్షికలో ఉన్న 89వ కీర్తన యెహోవా కృపాతిశయాన్ని నిత్యమూ కీర్తిస్తానంటూ ఆరంభమవుతుంది. సముద్రపు పొంగును అణచేవాడు ఆయనే అనీ, నీతిన్యాయాలు ఆయన సింహాసనానికి ఆధారాలనీ, దావీదు సింహాసనం నిత్యమూ నిలుస్తుందని అతనితో చేసిన నిబంధనను ఆయన మీరడనీ 37 వచనాల పాటు గొంతెత్తి పాడుతుంది. 38వ వచనంలో ఒక్కసారిగా స్వరం మారుతుంది: నీవు నీ అభిషిక్తుని విడనాడావు, నిబంధనను కొట్టివేశావు, అతని కిరీటాన్ని నేల పడవేశావు అంటూ నేరుగా దేవుణ్ణే ప్రశ్నిస్తుంది. మొదటి వచనంలో పాడిన ఆ కృపాతిశయాలే 49వ వచనంలో "ఎక్కడ?" అనే నిలదీతగా తిరిగి వస్తాయి. క్రీస్తుకు పూర్వం 6వ శతాబ్దంలో బబులోను సైన్యం యెరూషలేమును కూల్చి, దావీదు వంశపు రాజును చెరపట్టుకుపోయిన చరిత్ర తెలిసినవారికి ఈ ప్రశ్న ఎంత బరువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

గమనించవలసినదేమిటంటే, ఏతాను రెండు మాటల్లో దేనినీ వెనక్కి తీసుకోలేదు. దేవుడు బలవంతుడు కాడేమో అని సర్దుకోలేదు. ఆయన ప్రేమ మనం అనుకున్నంతది కాదేమో అని తగ్గించుకోలేదు. సర్వాధికారం, ఎన్నడూ తప్పని కృప, ఈ రెండూ నిజమని నమ్మినవాడికే అంత గట్టిగా అడిగే హక్కు ఉంటుంది. ఏ ఆశా లేనివారి మీద ఎవరూ అలా ఫిర్యాదు చేయరు. మన ప్రార్థన కూటాల్లో సణుగుడు పాపమని చెప్పి విలాపాన్ని కూడా దానితో కలిపి కట్టేస్తారు గాని, అరణ్యంలో ఇశ్రాయేలీయులు దేవుని గురించి తమలో తాము సణుగుకున్నారు, ఏతాను దేవునితోనే మాట్లాడాడు. ఈ తేడాను బోధకులు మరికొంచెం శ్రద్ధగా చెప్పాలన్నది నా అభిప్రాయం.

89తో కీర్తనల మూడవ భాగం ముగుస్తుంది. నాలుగవ భాగం మోషే ప్రార్థన అయిన 90వ కీర్తనతో మొదలై, రాజులు పుట్టకముందే తరతరాలకు నివాసస్థలంగా ఉన్న దేవుని దగ్గరికి మనల్ని తీసుకుపోతుంది. ఉదయాన నీ కృపతో మమ్మును తృప్తిపరచుమని అడగడం నేర్పుతుంది. ఆ తరువాత 93వ కీర్తన "యెహోవా రాజ్యము చేయుచున్నాడు" అని ప్రకటిస్తుంది. 97, 99 కీర్తనలు అదే మాటతో మొదలవుతాయి. దావీదు సింహాసనం ఏమైందని అడిగినవారికి గ్రంథం ముందుగా ఇచ్చిన సమాధానం, అసలు సింహాసనం ఖాళీ కాలేదన్నది. క్రైస్తవులమైన మనకు ఈ వరుస మరింత దూరం సాగుతుంది: దావీదు కుమారుడైన యేసే సిలువ మీద 22వ కీర్తనతో మొరపెట్టి, 31వ కీర్తన మాటతో తన ఆత్మను తండ్రి చేతికి అప్పగించాడు.

93వ కీర్తనను ఈ ప్రాంతం వారు 2021 నవంబరును తలచుకోకుండా చదవడం కష్టం. తిరుపతి వీధులు కాలువలై పారాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట నుండి నీరు కారడంతో దిగువ గ్రామాల ప్రజలను ఖాళీ చేయించవలసి వచ్చింది. వాన కోసం ఏళ్ల తరబడి ఆకాశం వైపు చూసిన నేల ఇది. వరదలు ఎలుగెత్తాయి, ఆ జలఘోషల కంటే యెహోవా బలిష్ఠుడు అని ఆ కీర్తన అంటుంది. అప్పట్లో రెండు రకాల మాటలు వినబడ్డాయి. ఇది దేవుని శిక్ష అని కొందరు తీర్పు చెప్పారు. పాపం, ఇందులో దేవునికి సంబంధమేముందని కొందరు ఆయన పక్షాన సంజాయిషీ చెప్పారు. మొదటివారు ఆయన ప్రేమను, రెండవవారు ఆయన అధికారాన్ని వదిలేశారు. 62వ కీర్తన చివరి రెండు వచనాల్లో దావీదు బలము దేవునిదనీ, కృప చూపుటయు ఆయనదేననీ ఒకే ఊపిరిలో అంటాడు. నీళ్లు ఇంట్లోకి వచ్చినవాడికి ఈ రెండింటిలో ఏ ఒక్కటీ చాలదు. ప్రేమ లేని బలం ముందు మొరపెట్టడానికి నోరు రాదు. బలం లేని ప్రేమకు మొరపెట్టి ప్రయోజనం లేదు.

ఈ ప్రాంతపు సంఘాలకు ఈ బోధ పాతదే. 1853లో ఏర్పడిన ఆర్కాట్ మిషను చిత్తూరు ప్రాంతానికి సువార్త తెచ్చినప్పుడు, దానిని పంపిన అమెరికా రిఫార్మ్‌డ్ సంఘం క్రైస్తవ విశ్వాసాన్ని ప్రశ్నలు జవాబులుగా నేర్పే 1563 నాటి హైడల్‌బర్గ్ ప్రశ్నోత్తరాలను తన విశ్వాస ప్రమాణాల్లో ఒకటిగా కలిగి ఉన్నది. వానా కరువూ, పంట పండిన ఏడూ పండని ఏడూ, ఆరోగ్యమూ వ్యాధీ అన్నీ యాదృచ్ఛికంగా కాక తండ్రి చేతి నుండే మనకు వస్తాయని అందులో ఉన్నది. రాయలసీమ రైతు కోసమే రాశారా అనిపించే వాక్యమది. (యాత్రకీర్తనల విషయం కూడా ఇలాగే తోస్తుంది. 120 నుండి 134 వరకు ఉన్న ఆ 15 కీర్తనలు యెరూషలేముకు నడిచి వెళ్లే భక్తులవి. అలిపిరి దారిలో నడిచే జనాన్ని రోజూ చూసే ఊరిలో, యాత్రికుల అలసట ఎలా ఉంటుందో ఎవరికీ వర్ణించి చెప్పనక్కరలేదు.)

శత్రువుల నాశనాన్ని కోరే కీర్తనలను ఏమి చేయాలని కొందరు అడుగుతారు. నేను వాటిని దాటవేయను. పగ తీర్చుకోవడాన్ని నా చేతిలో నుండి తీసి న్యాయాధిపతికి అప్పగించే ప్రార్థనలుగా వాటిని చదువుతాను. దీని గురించి ఎక్కువ రాయాలంటే వేరే వ్యాసమే కావాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు కుటుంబ ప్రార్థనలో 136వ కీర్తనతో ఆరంభించవచ్చు. ఒకరు మొదటి సగం చదివితే, మిగిలినవారు "ఆయన కృప నిరంతరముండును" అని 26 సార్లు బదులు పలుకుతారు. చదవడం రాని పిల్లలు, చూపు ఆనని అవ్వాతాతలు కూడా కలుస్తారు. ఆకాశాన్ని చేసినవానికీ, ఎఱ్ఱసముద్రాన్ని పాయలుగా చీల్చినవానికీ, గొప్ప రాజులను హతం చేసినవానికీ ఒకటే బదులు. చివరికి వచ్చేసరికి ఆ సర్వాధికారి సమస్త జీవులకు ఆహారమిచ్చేవాడిగా కనబడతాడు. మా ఇంట్లో ఆ 25వ వచనం తరువాత కాసేపు ఆగి, ఆ వారంలో జరిగినవాటిని ఒక్కొక్కరు ఒక్కొక్క వాక్యంగా చేర్చుతారు: జీతం ఆలస్యమైంది, బోరులో నీళ్లు పడ్డాయి, అత్తమ్మకు జ్వరం తగ్గలేదు. ప్రతిదానికీ అందరం అదే బదులు చెబుతాము, జ్వరం తగ్గలేదన్న వాక్యానికి కూడా.