గవర్నర్ జనరల్ ఆమోదం ఉన్నా బొంబాయి చట్టం ఎందుకు నిలవలేదు?

కేంద్ర చట్టం, రాష్ట్ర చట్టం ఢీకొంటే కేంద్రానిదే పైచేయి అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. కేసు ఫైలు ముందు పెట్టుకుంటే ఆ ఒక్క ముక్కతో పని జరగదు. తేదీలు చూడాలి. జవేర్‌భాయ్ అమైదాస్ కేసులో (సుప్రీంకోర్టు, 1954) ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

1946 నాటి నిత్యావసర సరఫరాల కేంద్ర చట్టం, సెక్షన్ 7 ప్రకారం గరిష్ఠ శిక్ష మూడేళ్లు. బ్లాక్ మార్కెట్‌ను అణచడానికి అది చాలదని బొంబాయి ప్రావిన్సు 1947లో 36వ చట్టం చేసి, దాన్ని ఏడేళ్లకు పెంచింది. ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప ఆరు నెలలకు తగ్గకూడదు. కేంద్ర చట్టానికి విరుద్ధం కాబట్టి, 1935 భారత ప్రభుత్వ చట్టం (రాజ్యాంగానికి ముందు అమల్లో ఉన్న పాలనా చట్టం) సెక్షన్ 107(2) కింద గవర్నర్ జనరల్ ఆమోదం తీసుకుంది. దాంతో బొంబాయి వరకు ఆ చట్టానిదే చెల్లుబాటు. రాజ్యాంగం వచ్చాక కూడా 372వ అధికరణ వల్ల అది కొనసాగింది.

1950లో పార్లమెంటు 52వ చట్టంతో ఆ సెక్షన్ 7నే తిరగరాసింది. నూలు బట్టలకు ఒక శిక్ష, ఆహార పదార్థాలకు ఒకటి, మిగతావాటికి ఇంకొకటి.

పర్మిట్ లేకుండా 15 మణుగుల జొన్నలు తరలించారని 1951లో జవేర్‌భాయ్ మీద కేసు. ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు కోర్టు లేచేదాకా ఖైదు, 500 రూపాయల జరిమానా వేశారు. ముద్దాయి పక్షం పట్టుకున్న పాయింటు గమనించండి: బొంబాయి చట్టం ప్రకారం నేరానికి ఏడేళ్ల శిక్ష ఉంది, అది సెషన్స్ కోర్టు విచారించాల్సింది, మెజిస్ట్రేటుకు అధికారమే లేదు. అంటే తక్కువ శిక్ష పడ్డ మనిషి కఠినమైన చట్టమే అమల్లో ఉందని వాదించాడు! శిక్ష ఎంత అన్నది విచారణ ఏ కోర్టుదో కూడా తేలుస్తుంది. విరుద్ధత వాదన తరచూ ఇలా పక్కదారినే వస్తుంది.

సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రాజ్యాంగం 254(2) అధికరణ మినహాయింపు ప్రకారం, రాష్ట్రపతి ఆమోదం పొందిన రాష్ట్ర చట్టం మీద కూడా పార్లమెంటు అదే విషయంపై మళ్లీ చట్టం చేయొచ్చు, రాష్ట్ర చట్టాన్ని మార్చొచ్చు, రద్దు చేయొచ్చు. 1935 చట్టంలో ఈ రద్దు మాట ఇంత స్పష్టంగా లేదు. 1950 చట్టం బొంబాయి పేరెత్తకపోయినా ఫరవాలేదు. విషయం ఒకటే కాబట్టి, ఏడేళ్ల శిక్ష చెప్పిన బొంబాయి చట్టం సెక్షన్ 2 రద్దయినట్టే. శిక్ష నిలిచింది.

కాబట్టి ఫైలు చూసేటప్పుడు వరస ఇది. రెండు చట్టాల విషయం నిజంగా ఒకటేనా? కాకపోతే విరుద్ధతే లేదు. 1956లో టీకా రాంజీ చెరకు కేసులో యూపీ చట్టం అలాగే బతికింది. ఒకటే అయితే, ఆమోదం ఉందా, ఏ తేదీన? ఆ తర్వాత కేంద్ర చట్టానికి సవరణలేమైనా వచ్చాయా? చాలామంది మూల చట్టం సంవత్సరమే చూసి, సవరణ చట్టాలు తిరగేయరు. ఈ కేసులో 1946 చూసి ఆగితే బొంబాయి గెలిచినట్టే కనిపిస్తుంది.

ఇంకొకటి: విరుద్ధమైన మేరకే చెల్లదు, చట్టం మొత్తం కాదు. 1959 నాటి దీప్‌చంద్ కేసులో 1956 మోటారు వాహనాల సవరణ చట్టం వచ్చాక కూడా, యూపీ చట్టం కింద అప్పటికే ఖరారైన బస్సు స్కీములు నిలిచాయి.