పచ్చ అనుకున్న రాయి

సైదాపురం దగ్గర పాత అభ్రకం గని రాళ్లగుట్టలో దొరికింది. తెల్లటి పలుగురాతిలో లేత ఆకుపచ్చ కడ్డీ, అంచున గోటికి పొరలుగా లేచే కాకిబంగారం. పచ్చే దొరికిందని నెల్లూరు వచ్చేదాకా జేబులోంచి చెయ్యి తీయలేదు!

ఇంటికొచ్చి చాకుమొనతో గీశాను. గీత పడలేదు. పైగా అదే గాజుపలకను గీసింది. ఇలాగే కనిపించే అపటైట్ అనే మెత్తటి ఖనిజం అయితే చాకుకు లొంగేది. కడ్డీకి ఆరు ముఖాలు. అంటే బెరిల్ అనే ఖనిజం, పదికి లెక్కించే మోస్ స్కేలుపై కాఠిన్యం 7.5 నుంచి 8. పచ్చ కూడా బెరిలే, కానీ ఆ నిండు రంగు క్రోమియం, వెనేడియంలది. నాది వెలిసిన రంగు, ఒళ్లంతా పగుళ్లు.

“ఉంగరం ఎప్పుడు చేయిస్తావు?” అని అమ్మ రోజూ అడుగుతోంది. ప్రస్తుతం అది కరెంటు బిల్లులు ఎగిరిపోకుండా కాపలా కాస్తోంది.