మా వదిన ముగ్గు, నా ముగ్గు

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ కారిడార్‌లో సంక్రాంతికి ముగ్గులేస్తుంటే, మా వదిన 15 చుక్కలు, సందు చుక్క 8 దాకా అని లెక్క పెట్టుకుని, తల ఎత్తకుండా గంటన్నరలో మెలికల ముగ్గు పూర్తి చేసేసింది. మరి నేను? నెమలితో మొదలెట్టి, దాని తోక చూస్తే మెట్రో మ్యాప్ గుర్తొచ్చి, అది గీస్తూ రంగు అయిపోయిందని లోపలికెళ్లి, ఎందుకొచ్చానో మర్చిపోయి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. నాకు ఏడీహెచ్‌డీ (ధ్యాసని ఒకచోట నిలవనివ్వని మెదడు తీరు) అని తెలిసింది నిరుడే, 33 ఏళ్లకి.

"మీలాంటోళ్లకి క్రియేటివిటీ ఎక్కువంటగా" అంది పక్కింటావిడ. ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది నాకు. 2006లో హోలీ వైట్, ప్రీతి షా చేసిన పరిశోధనలో ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు మామూలు వస్తువులకి వింత వింత ఉపయోగాలు చెప్పడంలో (ఇటుకతో ఏమేం చేయొచ్చు, ఆ టైపు) ముందున్నారు, అదే మూడు పదాలిచ్చి వాటిని కలిపే ఒక్క పదం చెప్పమంటే వెనకబడ్డారు. క్రియేటివిటీకి ఆ రెండూ కావాలి కదా! పైగా అందరం ఒకేలా ఉండం. ఆటిజం ఉన్న మా ఫ్రెండ్ నాకు పూర్తిగా రివర్స్, ఒకే డిజైన్‌ని నెలల తరబడి చెక్కుతాడు, పక్కన బాంబు పేలినా కదలడు.

సాయంత్రం వదినే వచ్చి నా సగం నెమలి చుట్టూ చుక్కలు పెట్టి, "ఈ గీత దాటకు, ఇక్కడితో ఆపేయ్" అంది. ఆపేశాను. ఫోటోలు బాగా వచ్చాయి. రంగు డబ్బా మూత మాత్రం ఇంకా దొరకలేదు.