మా నాయన కుడికంటి నీలం

ఈ ఏడాది (2024) పొద్దుపొడుపు ఫోటోల కోసం సముద్రం దగ్గరికి తొమ్మిదిసార్లు పోయొచ్చాను. తూపిలిపాళేనికి ఆరుసార్లు, మైపాడుకి రెండుసార్లు, పులికాట్ వైపు ఒకసారి. మొత్తం 3,112 ఫ్రేములు. నిన్న కూర్చుని వడగడితే మిగిలినవి 22. ఆ 22లో 17 సూర్యుడు తల బయట పెట్టకముందు తీసినవి. అంటే ఏడాది పొడుగునా ఏ ఎర్రటి బిళ్ళ కోసం రాత్రి రెండింటికి అలారం పెట్టుకున్నానో, దాని బొమ్మలు నాకే నచ్చలేదన్నమాట.

తిరుపతోళ్ళకి సముద్రం ఏంది అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు పుట్టినప్పుడు వాకాడు మండలం మా జిల్లాలోకి వచ్చింది, దాంతోపాటు తూపిలిపాళెం కూడా. కొండ కింద కూర్చున్న ఊరికి సముద్రం ఉత్తపుణ్యానికి దొరికింది. కాగితం మీద దగ్గరైందేగానీ రోడ్డు మాత్రం అంతే ఉంది. రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి, నాయుడుపేట, అక్కణ్ణుంచి వాకాడు. నా పాత కారుకి రెండున్నర గంటలు. పోనూ రానూ పెట్రోలుకి దగ్గర దగ్గర పదిహేనువందలు. అందుకే నెలకి ఒకటి కూడా పడలేదు.

తెల్లవారుజామున మూడింటికి బయల్దేరడం వేరే ఊళ్ళో అయితే కష్టమేమోగానీ, మా ఊళ్ళో ఆ వేళకి టీ బంకులు తెరిచే ఉంటాయి. పైగా ఇప్పుడు ధనుర్మాసం. కొండమీద సుప్రభాతం బదులు తిరుప్పావై నడుస్తోంది, వీధిలో ముగ్గుకి నీళ్ళు చల్లే చప్పుడు నాలుక్కే మొదలవుతుంది.

ముందు నా తప్పుల సంగతి చెప్తాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి పనికొచ్చేవి అవే.

జనవరిలో మొదటిసారి పోయినప్పుడు కారులో ఏసీ వేసుకుని దర్జాగా దిగాను. సంచిలోంచి కెమెరా తీసిన నిమిషంలో లెన్సు మీద ఆవిరి పట్టింది. తుడిచేకొద్దీ పడతానే ఉంది. పావుగంట తుడిచేసరికి ఆకాశంలో అసలు రంగు అయిపోయింది. ఇప్పుడు నాయుడుపేట దాటగానే ఏసీ ఆపేసి అద్దాలు దించుతాను. కెమెరా సంచి జిప్పు కొంచెం తెరిచి వెనక సీట్లో పెడతాను. చేరేసరికి బయటి తేమకి అది అలవాటు పడి ఉంటుంది.

ఫోకస్‌కి చెప్పు వాడతాను. నవ్వకండి. నాది క్రాప్ సెన్సారు (చిన్న సైజు సెన్సారు) కెమెరా, దాంతోపాటే వచ్చిన 18-55 కిట్ లెన్సు. 18 మిల్లీమీటర్ల దగ్గర, ఎఫ్ 8లో (లెన్సు రంధ్రం ఎంత తెరవాలో చెప్పే అంకె ఇది), రెండు మీటర్ల దూరానికి ఫోకస్ పెడితే మీటరు నుంచి చివరిదాకా అన్నీ తేటగా వస్తాయి. చీకట్లో ఆటోఫోకస్ గుడ్డిది, అటూ ఇటూ వెతుక్కుంటానే ఉంటుంది. కాబట్టి మూడంగలు వేసి, ఒక చెప్పు విడిచి, దానిమీద టార్చి కొట్టి ఫోకస్ చేసి, లెన్సుని మాన్యువల్‌కి తిప్పేస్తాను. మార్చిలో ఆ చెప్పుని అల ఎత్తుకుపోయింది. వాకాడు దాకా ఒంటికాలి చెప్పుతో కారు నడిపాను. టార్చి విషయంలో ఒక మాట: జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. ఆ నెలల్లో వెలుతురు నేలకే, అదీ క్షణం సేపే.

ట్రైపాడ్ కాళ్ళని ఇసకలో నొక్కి పాతాలి. పైపైన నిలబెడితే ప్రతి అల వెనక్కి పోతూ కాలికింద ఇసకని కొంచెం తోడుకుపోతుంది. అర సెకను ఫోటోలో అది చాలు, మొత్తం అలుక్కుపోతుంది. మైపాడులో ఒకసారి మూడో కాలు అట్లా కూరుకుపోయి కెమెరా పక్కకి వాలితే, మెడలో పట్టీ ఉండబట్టి బతికింది. ఇంటికొచ్చాక కాళ్ళు విప్పి మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. ఆ రోజు ఒళ్ళు బద్దకించి వదిలేశాను, వారానికి కెమెరా బిగించే మర తుప్పుపట్టి బిగుసుకుపోయింది.

ఇంకోటి దిక్కు. సూర్యుడు సరిగ్గా తూర్పున పుట్టేది ఏడాదిలో రెండే రోజులు. జూన్‌లో పోయినప్పుడు ఐదూ నలభైకే ఈశాన్యం వైపు లేచాడు. నేనేమో ఎదురుగా పడవ పెట్టుకుని కాచుకుని ఉన్నాను, ఆయన ఎడమపక్క సరుగుడు తోపుల దగ్గర లేచాడు. ఇప్పుడు డిసెంబర్‌లో ఆగ్నేయం, తూర్పు నుంచి దాదాపు 24 డిగ్రీలు కుడికి, ఆరున్నర ప్రాంతంలో. డిసెంబర్ 21 దాటితే పగలు పెరుగుతుంది కదా, పొద్దు తొందరగా పొడుస్తుందని అనుకుంటాం. కాదు. జనవరి మూడో వారం దాకా పొద్దు పొడిచేది ఇంకా ఆలస్యమే అవుతుంది, పెరిగేదంతా సాయంత్రం వైపే. నాకైతే ఇది మంచి వార్త, పది నిమిషాలు ఎక్కువ నిద్ర.

అసలు చెప్పాల్సింది మా నాయన గురించి.

మా నాయన ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు. చివరి ఏళ్ళు నెల్లూరు సర్వీసు. ఫస్టు బస్సు డ్యూటీ అలవాటుతో ఇప్పటికీ మూడింటికి లేచి కూర్చుంటారు. నిరుడు దాకా నేను కెమెరా సర్దుకుంటుంటే "ఈ చలిలో యాడికిరా" అనేవారు. ఈ ఏడాది ఏప్రిల్ నుంచి పక్క సీట్లో ఆయనే. నా డ్రైవింగ్ ఆయనకి నచ్చదు, ఆ సంగతి ఇక్కడ వద్దు. ఎదురొచ్చే లారీ లైటు జాజిపువ్వు మాదిరి విచ్చుకుంటోందని ఒక రాత్రి ఏర్పేడు దగ్గర అన్నప్పుడు నాకు అనుమానం వచ్చింది. చూపిస్తే రెండు కళ్ళల్లోనూ పొర. కుడికంటికి నవంబర్ రెండో వారంలో ఆపరేషన్ అయింది. ఎడమకంటికి సంక్రాంతి తర్వాత.

కట్టు విప్పిన మర్నాడు హాల్లో కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తూ అడిగారు, "ఏందిరా ఇది, పసుపు పూసినట్టుండాది?"

అది నేను ఫ్రేము కట్టించిన ఫోటో. తూపిలిపాళెం, ఫిబ్రవరి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ బాగుందన్నదే. సముద్రం, ఇసక, పడవ, అన్నీ బంగారు రంగు. నాయన కుడికన్ను మూసి ఎడమకంటితో చూశారు. "ఇప్పుడు బాగుండాది." మళ్ళీ ఎడమది మూసి కుడికంటితో. "ఇప్పుడు పసుపు." ఆ రోజంతా ఇదే పని. తెల్లగోడ, పాలగ్లాసు, ఆయన పంచె, ఒక్కోదాన్నీ ఒక్కో కంటితో. "ఈ కంటికి టీ ఒలికిన పంచె, ఈ కంటికి నీలిమందు పెట్టి ఉతికిన పంచె" అని మా అమ్మకి చెప్పారు. ముసిలికంట్లో పొర పసుపు రంగుకి తిరిగి నీలాన్ని మింగేస్తుందట, తీసేసి కొత్త లెన్సు పెట్టగానే ఆ నీలం అంతా ఒకేసారి లోపలికొస్తుందని డాక్టరు చెప్పారు.

రాత్రి ఆ ఫోటో అసలు ఫైలు తెరిచాను. నేను కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (ఫోటోకి పసుపు ఎంత, నీలం ఎంత అని చెప్పే సెట్టింగు) ఎప్పుడూ క్లౌడీలో పెడతాను, అంటే 6000 కెల్విన్ చిల్లర; ఆ అంకె పెరిగేకొద్దీ పసుపు. ఎక్కడో విన్నాను, పొద్దుపొడుపుకి అట్లా పెడితే వెచ్చగా వస్తుందని. దానిమీద కంప్యూటర్లో ఇంకో వెయ్యి ఎక్కించాను. ఆ ఫోటో తీసింది ఆరూ ఐదుకి. సూర్యుడు ఇంకా నీళ్ళ కిందే ఉన్నాడు. ఆ వేళ నీళ్ళు బంగారంలా ఉండే అవకాశమే లేదు. అదంతా నేను పోసిన పసుపు.

స్లైడరు 5200 దగ్గరికి లాగితే ఇసక తడి బూడిదరంగులోకి, నీళ్ళు నీలంలోకి వచ్చాయి. ఎదురుగా ఒక్క సన్నటి పట్టీ మాత్రం నారింజ. నా బంగారంలో ఆ పట్టీ కనబడకుండానే పోయింది. ‘రా’ ఫైళ్ళు (కెమెరా మార్పులు చేయకుండా దాచే ముడి ఫైళ్ళు) కాబట్టి సరిపోయింది, రంగు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. జనవరి ట్రిప్పు మొత్తం జేపెగ్‌లోనే తీశాను, వాటిని వెనక్కి లాగితే చర్మం మాడినట్టు వస్తున్నాయి. మెమరీ కార్డులో జాగా మిగలాలని చేసిన పని అది. ఆ కార్డు ధర నాలుగు వందలు!

మొన్న ఆదివారం, డిసెంబర్ 29న, ఈ ఏడాదికి ఆఖరి ట్రిప్పు. మర్నాడు సోమవతి అమావాస్య. నవంబర్ నెలాఖరు ఫెంగల్ తుపాను వానలకి స్వర్ణముఖిలో నీళ్ళున్నాయి. మా తిరుచానూరు పక్కనుంచి పోయే ఏరే ఇక్కడ వాకాడు దాటి సముద్రంలో కలుస్తుంది. వాకాడు బ్యారేజి దగ్గర నాయన కారాపమన్నారు. చీకట్లో కనబడేది ఏమీ లేదు, నీళ్ళ చప్పుడు కాసేపు విని ఎక్కారు.

ఐదూ ఇరవైకి ఇసకలో ఉన్నాం. ఆగ్నేయాన గోటి గీతంత చంద్రుడు, దానికి ఎడంపక్కన ఒక చుక్క. ఫోన్‌లో చూస్తే బుధుడు. మామూలుగా సూర్యుడి వెలుగు చాటున ఉండే గ్రహం, అప్పుడప్పుడు కొద్దిరోజులు మాత్రం ఇంత దూరం జరిగి కనబడుతుంది. ఐఎస్ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 400, ఎఫ్ 5.6, నాలుగు సెకన్లు, లెన్సు 50 దగ్గర. వైట్ బ్యాలెన్స్ 5200, ఇక ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను. రెండు సెకన్ల టైమరు, ట్రైపాడ్ మీద ఉంది కాబట్టి చేతి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ ఆఫ్. వచ్చిన ఫోటోలో ఆకాశం నేరేడుపండు తోలు రంగులో ఉంది. చంద్రుడి మిగతా గుండ్రం కూడా లీలగా కనబడుతోంది.

ఆరుంబావు ప్రాంతంలో ఎండ్రకాయలు బొరియల్లోంచి వచ్చి తిరగడం మొదలుపెట్టాయి. అప్పటికి ఐఎస్ఓ 100, ఎఫ్ 8, అర సెకను. అల వెనక్కి మళ్ళేటప్పుడు నొక్కితే నురగ దువ్వినట్టు గీతలుగా వస్తుంది, ముందుకొచ్చేటప్పుడు నొక్కితే ఉత్త తెల్లటి ముద్ద. ఈ ఒక్కటి నేర్చుకోవడానికి నాకు మూడు ట్రిప్పులు పట్టింది.

ఫైబర్ బోటు దింపుతున్న మనుషులు నలుగురు మమ్మల్ని దాటుకుని పోయారు. వాళ్ళలో పెద్దాయన ఆగి, "ఏం సామీ, కన్ను నొప్పా?" అని అడిగాడు. అప్పుడు చూశాను. నల్లద్దాలు జేబులో పెట్టుకుని, మోకాలి కింద దాకా పంచె ఎగ్గట్టి, నీళ్ళ అంచున నిలబడి నాయన అరచేత్తో ఎడమకన్ను మూసుకున్నారు. కాసేపాగి చెయ్యి మార్చి కుడికన్ను మూశారు. మళ్ళీ ఎడమ. "నొప్పేం లేదు, రెండు సముద్రాలు చూస్తావుండా" అన్నారు పెద్దాయనతో. ఆయనకి ఏం అర్థమైందో, తలూపి పోయాడు.

ఆ ఫోటో అందింది. అర సెకను కాబట్టి కదిలిన చెయ్యి పొగలా ఉంది, కాళ్ళు నీళ్ళలో కలిసిపోయాయి, ముఖం ఒక్కటే తేట. దిగంతం ఒక డిగ్రీ వాలింది, సరిచేయలేదు. ఆ తర్వాత సూర్యుడు వచ్చాడు, మబ్బు పట్టీ మీదనుంచి ఆరూ ముప్పై ఐదుకి. పద్దతి ప్రకారం నలభై ఫ్రేములు తీశాను. అన్నీ నిన్న తీసేశాను.

నిన్న పొద్దున ఆ ఫోటో 12x18 అంగుళాల ప్రింటుకి ఇచ్చాను. సాయంత్రం పోతే ల్యాబు కుర్రాడు సంతోషంగా చేతికిచ్చాడు. "చాలా బ్లూగా ఉంది సార్, కరెక్షన్ చేశాను." నాయన ముఖం మంగళస్నానం చేసిన పెళ్ళికొడుకులా ఉంది. తప్పు నాదే, కరెక్షన్ వద్దని చెప్పకపోతే వాళ్ళ మిషను అందరికీ అదే పని చేస్తుంది. మళ్ళీ డబ్బులు కట్టి, కవరు మీద పెద్దక్షరాలతో "కలర్ ముట్టుకోవద్దు" అని రాసిచ్చాను.

రాత్రి పదింటికి శ్రీహరికోట షార్ నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ60 రాకెట్టు పోయింది. మిద్దెమీద కెమెరా పెట్టి ముప్పై సెకన్లు తెరిచి ఉంచితే వీధిలైటు వెలుగే సగం నిండింది, రాకెట్టు ఒక చిన్న గీత. నాయన దాన్ని కూడా కళ్ళు మార్చి మార్చి చూశారు. రెండింటికీ ఎర్రగానే ఉందన్నారు.

ఇవాళ రెండో ప్రింటు వచ్చింది. గోడమీది బంగారాన్ని దించి దీన్ని తగిలించాను. అమ్మకి నచ్చలేదు, చలేస్తున్నట్టుందంది. నాయన ఎదురుగా కుర్చీ వేసుకుని ఎడమకన్ను మూసి చాలాసేపు చూశారు. కుడికన్ను మూసి ఇంకాసేపు.

"ఎట్లుంది?" అన్నాను.

"ఆ కన్ను కూడా కానీ, అప్పుడు చెప్తా."